కప్పు లేచే బండి

బిడ్డ పోయిన ఇంటికి వచ్చినవాళ్లకు ఏం మాట్లాడాలో తెలియదు. అందుకని గ్యాస్ బండ టైముకు వస్తోందా, నల్లా నీళ్లు ఏ పూట వదులుతున్నారు అని అడుగుతారు. నేను అన్నిటికీ జవాబు చెప్పాను. చాయ్ కూడా పెట్టి ఇచ్చాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికున్న రెండు గదుల్లో ఆ రోజుల్లో నేను చేసిన పని అదే. చూసినవాళ్లు నాది గట్టి గుండె అన్నారు. గట్టిదో మెత్తదో నాకు తెలియలేదు, అసలది ఉన్నట్టే అనిపించలేదు.

మాది నల్లగొండ పక్క పల్లె. మా ఆయనకు సొంత పికప్ బండి ఉండేది. తోటల దగ్గర బత్తాయి ఎత్తి కొత్తపేట మార్కెట్‌కు తెచ్చేవాడు, ఇక్కడ సరుకు దొరికితే విజయవాడ దాకా పోయేవాడు. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న కాలం. బండి ముందు జెండా కట్టుకుని తిరిగేవాడు, విజయవాడ దగ్గర పడగానే విప్పి సీటు కింద పెట్టేవాడు. నాకు నొప్పులు మొదలైన రోజున హైవే మీద రాస్తారోకో. ఆయన సూర్యాపేట అవతల ఆగిపోయాడు. దవాఖానలో ఆడపిల్ల పుట్టి, కాసేపు ఉండి, పోయింది. పసిగుడ్డును ఎక్కువసేపు ఉంచకూడదని పెద్దవాళ్లు తీసుకెళ్లి పూడ్చిపెట్టి వచ్చారు. ఆయన మర్నాడు వచ్చాడు. బిడ్డ ముఖం చూడలేదు.

రాస్తారోకో లేకపోతే బతికేదా అంటే, లేదు. గుండెలోనే లోపం ఉందని డాక్టరమ్మ చెప్పింది. కోపం తెచ్చుకుందామన్నా మాకు మనిషి దొరకలేదు. ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని "తిన్నవా?" అన్నాడు. "తిన్న" అన్నాను. ఆ తర్వాత బిడ్డ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రోజులు గడిచేకొద్దీ, ఈయనకు తనకో బిడ్డ పుట్టిన సంగతి అసలు యాదికుందా అని నాకు అనుమానం మొదలైంది. అది నోరు తెరిచి అడగలేను. అడగకుండా ఆ గదుల్లో ఒక్కదాన్నే ఉండలేను.

రెండోది మాత్రం చెప్పాను. "నువ్వు బండి తీస్కపోతే మళ్ల ఎప్పుడొస్తవో తెల్వదు. నేనీ ఇంట్ల ఒక్కదాన్ని ఉండ."

పురుడుకని వచ్చిన మా అత్త అప్పటికింకా ఊరికి పోలేదు. "తల్లిగారింటికి పోయి కొన్నొద్దులు ఉండి రా బిడ్డా" అంది. "యాడాది తిరిగేసరికి మళ్ల కడుపు పండుతది. గిదంతా యాదికుండదు." ఆమె మంచికే అంది. ఆ మాటకు నాకు ఒళ్లు మండాల్సింది, అదీ మండలేదు. ఇంటి ఓనరమ్మది గుంటూరు వైపు. ఆ రోజుల్లో తమ సంగతేమవుతుందో తెలియక వాళ్లే దిగులుగా ఉండేవారు. అయినా గిన్నెలో పప్పుచారు తెచ్చి, "ఎక్కడికీ వెళ్లొద్దులే అమ్మాయ్, పైన నేను లేనూ?" అనేది. పైన ఆమె ఉండేది, కింద నేను ఉండేదాన్ని. దానివల్ల ఏం మారలేదు.

ఒకనాడు అన్నం తింటూ మా ఆయన అన్నాడు, "బండి మీద కప్పు ఏపిస్త. నువ్వు గూడ నాతోని రా."

హైవే మీద ఓ హోటల్ దగ్గర ఆయన ఎప్పుడో అలాంటి బండి చూశాడట. "నడిచేటప్పుడు కప్పు కిందికి ఉంటది. ఆపినంక చేత్తోని లేపితే పైకొస్తది. లోపట పరుపు, చిన్న పొయ్యి. ఆలుమగలు దేశం తిరుగుతున్నరు" అని చెప్పాడు. అంత పొడుగు మాట ఆయన నోట విని చాలా కాలమైంది. మేం తిరగబోయేది దేశం కాదు, బత్తాయి తోటలు. అత్త అయితే "బండ్ల సంసారమా? సంచారోళ్లమా మనం?" అని కంచం ముందు నుంచి లేచింది. నేను సరేనన్నాను. ఇష్టపడి కాదు. ఆ గదులు తప్ప నాకు ఏదైనా ఒకటే.

ఎల్‌బీ నగర్ దాటాక ఆటోనగర్‌లో, లారీలకు బాడీలు కట్టే షెడ్డుకు నన్ను వెంటబెట్టుకుని పోయాడు. పెళ్లిచీర ఎంచడానికి కూడా మేం అంతసేపు తీసుకోలేదు. అక్కడి మిస్త్రీకి బండి వెనక నాలుగు పక్కలా మూసిన ఇనుప డబ్బా కట్టాలని ఉంది. "డబ్బా ఏస్కో అన్నా. పదేండ్లు మళ్ల చూసుకునే పని లేదు. సరుకు గూడ మస్తు పడ్తది" అన్నాడు. నిలబడేంత ఎత్తు కడితే గాలికి బండి ఊగుతుంది, డీజిల్ తాగుతుంది. తక్కువ కడితే లోపల పాకాలి. ఇంకొకటి, ఇనుప కమ్మీలు వంచి పైన టార్పాలిన్ పట్టా కప్పడం. అది చౌక, కానీ బ్లేడుతో ఎవడైనా కోసేస్తాడు. మా ఆయన చెప్పిన లేచే కప్పు మిస్త్రీ ఎన్నడూ కట్టలేదు. పైపులో పైపు పెట్టి, లేపాక చీల దోపితే నిలుస్తుందన్నాడు. పక్కలకు మందపాటి గుడ్డ, దానికి దోమతెర కిటికీలు. వానకు మడతల దగ్గర నీళ్లు కారితే తనను అనొద్దని కూడా అన్నాడు. ఖర్చు చూసినా, సరుకు చూసినా దానికంటే డబ్బానే మేలు.

ఎవరికో కట్టిన డబ్బా ఒకటి షెడ్డులో ఉంటే నేను ఎక్కి కూర్చున్నాను. తలుపు వేయమన్నాను. లోపల చీకటి. బయట రేకులు కొట్టే చప్పుడు దూరమైపోయింది. తలుపు తీశాక, "మంచిగుంది. దీంట్లనే ఉండిపోవచ్చు" అన్నాను. మిస్త్రీ సంతోషించాడు. మా ఆయన నా ముఖం కేసి చూశాడు. మిస్త్రీ వైపు తిరిగి, "డబ్బా వద్దు" అన్నాడు.

"ఎందుకన్నా? వదిన నచ్చిందంటున్నది గదా."

"గందుకే వద్దు. గాలి రావాలె. లేచేదే కట్టు."

ఇక ఎత్తు. ఆయన పొడగరి. ఆయన నిలబడేంత లేపాలంటే పైపులు ఊగుతాయన్నాడు మిస్త్రీ. మా ఆయన నన్ను బండిలో నిలబెట్టి, నా తల మీదుగా చాక్‌పీసుతో పైపు మీద గీత గీశాడు. కొప్పు తగలకుండా ఇంకాస్త పైకి జరిపాడు. "గింతే చాలు. నేను వంగుత" అన్నాడు. ఆ మాటకు నాలో ఏదైనా కదలాల్సింది. కొలత సరిగ్గానే ఉందని మాత్రం అనుకున్నాను.

బంద్‌లతో షెడ్డు పని ఆగుతూ సాగుతూ, చివరికి పూర్తయింది. చీలలు దోపి కప్పు నిలబెడితే, నిజంగానే నేను తల ఎత్తి నిలబడగలిగాను. ఒకపక్క గుడ్డ కాస్త వదులైంది, అది కుట్టించుకుంటామన్నాం. రంగులు వేయడానికి పెయింటరు వచ్చాడు. వెనక జై తెలంగాణ రాశాడు. నంబరు ప్లేటు మీద ఏపీ తీసి టీజీ రాయాలా అని అడిగాడు, అప్పుడు చాలామంది రాయించుకుంటున్నారు. "అటు దిక్కు గూడ పోవాలె గదా. ఉన్నదే ఉండనీ" అన్నాడు మా ఆయన.

పెయింటరు ముందుకొచ్చి, అద్దం పైన గుడ్డతో తుడిచి, సన్న బ్రష్ తీశాడు. "పిల్లల పేర్లు చెప్పన్నా."

మా దిక్కు బండి ఎవరిదైనా అద్దం మీద పిల్లల పేర్లుంటాయి. పిల్లలు లేనివాళ్లు దేవుడి పేరు రాయిస్తారు. కర్మన్‌ఘాట్ హనుమంతుడి పేరు చెబుతాడనుకుని నేను పక్కకు తిరిగాను.

"ఒక్క బిడ్డె" అన్నాడు మా ఆయన.

"పేరేంది?"

"పేరు పెట్టకముందే పోయింది" అన్నాడు. "పాప అని రాయి."

పెయింటరు పసుపురంగు డబ్బా మూత తీసి, నిదానంగా రాయడం మొదలుపెట్టాడు. దవాఖాన నుంచి వచ్చిన నాటి నుంచి అందరూ నాకు పిల్లలు మళ్లీ పుడతారన్నారు. మాకొక బిడ్డ ఉందని ఎవరూ అనలేదు. ఎవరో అడిగితే, ఈయన అన్నాడు. తిరిగి చూస్తే మా ఆయన ఆ అక్షరాల కేసి చూస్తూ ఏడుస్తున్నాడు, చెంపలు తుడుచుకోవడం కూడా లేదు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. రోడ్డు పక్కన, అంతమంది పనివాళ్ల మధ్య, ఆయన చొక్కా పట్టుకుని గట్టిగా ఏడ్చాను.