ఒత్తులు రాలిన బోర్డు

మా అక్క నారాయణఖేడ్ బస్టాండు దగ్గర మగ్గం పని దుకాణం పెట్టినప్పుడు, దాని లైట్ల బోర్డు నేనే చేశాను. ఎర్రక్షరాలు వెలిగే బోర్డులు చేసి దుకాణాలకు బిగించడమే నా బతుకుదెరువు. దుకాణం తెరిచిన రోజే, పదకొండింటికి కంగ్టి నుంచి పెండ్లివాళ్లు వస్తామన్నారు. పెండ్లికూతురి జాకెట్లు ఇచ్చేదీ లేనిదీ దుకాణం చూశాకే చెబుతారట. అక్కకు అదే మొదటి బేరం. అది చేజారితే ఇంకెవరూ మెట్టెక్కరని ఆమె భయం.

పదింటికి స్విచ్ వేశాను. "ఇచ్చట మగ్గం పని చేయబడును" అని రావాలి. "ఇచట మగం పని చేయబడును" అని వచ్చింది.

కల్హేర్ ఆటో కోసం నిలబడ్డ ఒకావిడ అది పైకి చదివింది.

"మగం పని అంటే ఏందమ్మా? మొగోళ్లతోని పని చేపిస్తరా? మా ఆయిన్ని తోలియ్యాల్నా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా పొట్ట పట్టుకుని నవ్వారు. అక్క మొహం మాడిపోయింది.

"ఏందిరా గిది? నా ఇజ్జత్ తీస్తున్నవ్! జల్దీ సక్కగ చెయ్!"

నాకు చిర్రెత్తుకొచ్చింది. తప్పు నాది కాదని చెప్పడంలో నేను దిట్టను. ముందు కరెంటును తిట్టాను. తర్వాత కేబుల్ పీకి మళ్లీ గుచ్చాను. బోర్డును నడిపే కంట్రోలర్ కార్డును రెండు తట్టాను కూడా. అది రిపేరు కాదు, ఒట్టి కోపం. చివరికి ఫోన్‌లో బోర్డు సెట్టింగులు తెరిస్తే అసలు సంగతి బయటపడింది. బోర్డు ఎత్తు పదహారు లైటు చుక్కలే. దూరానికి కనబడాలని అక్షరాల సైజు పెంచింది నేనే. అక్షరాలు పట్టాయి గానీ, కింద చోటు లేక ఒత్తులన్నీ తెగిపోయాయి. సైజు తగ్గించి చూశాను. ఒత్తులు వచ్చాయి, కానీ అంతా చీమల బారులా కలిసిపోయింది. కింద ఇంకో వరుస లైట్ల ప్యానెళ్లు కలిపితే సరిపోతుంది. అవి సంగారెడ్డి నుంచి రావాలి. ఒత్తులకు చోటు లేదని అక్కకు చెప్పాను. పదకొండుకు ఇరవై నిమిషాలే ఉంది.

గడపలో కూర్చుని ఇదంతా చూస్తున్న అక్క వాళ్ల అత్త అప్పుడు నోరు విప్పింది.

"ఒత్తు లేని మాట రాయరాదా పిలగా?"

"ఒత్తు లేకుంట ఏం రాస్తం అత్తమ్మా!" అని విసుక్కున్నాను.

"ఈడ రయికల మీద పూలు కుడతం అని రాయి."

"ఛీ, రయికలా!" అక్క మూతి తిప్పింది. "ఊరోళ్ల లెక్క ఉంటది."

నేను మాత్రం ఒక్కో అక్షరం వేళ్ల మీద సరిచూసుకున్నాను. నిజమే, ఎక్కడా ఒక్క ఒత్తు లేదు! అక్క ఇంకా గొణుగుతుండగానే టైపు చేసి పంపేశాను. బోర్డు నిండా అక్షరాలు గుండ్రంగా, నిండుగా వెలిగాయి.

పెండ్లికూతురి తల్లి ఆటో దిగుతూనే తలెత్తి చూసింది. "అగో, పూలు కుడతరంట! దా బిడ్డా" అంటూ కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చేసింది. కాసేపటికి అక్క టేపు పట్టుకుని ఆ పిల్ల చేతి కొలతలు తీస్తోంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"గంత జల్దీ నీకెట్ల తట్టింది అత్తమ్మా?" అని అడిగాను.

దుకాణం ముందుకొచ్చి నిలబడ్డ ఆమె, బోర్డు మీంచి చూపు తిప్పలేదు.

"నేను గుణింతాల కాడ్నే బడి బంద్ వెట్టిన బిడ్డా. నాకు ఒత్తులు రావు. గీ బజార్ల బోర్డులన్ని సగం సగమే సదువుత. ఇయ్యాల ఒక్కటి పూరా సదివిన."