ఫాయిల్ బాబాయి, నాన్న హుక్కా

మా బాబాయికి ఈ లోకంలో ఉన్న శత్రువు ఒక్కటే, అల్యూమినియం ఫాయిల్. మనుషులతో గొడవపడితే రెండో రోజుకే రాజీకొస్తాడు. ఫాయిల్‌తో మాత్రం రాజీ లేదు. ఎక్కడ కనబడినా రెండు వేళ్ళతో అంచు పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్తాడు. వెలుతురుకి ఎదురుగా ఎత్తి, ఒక కన్ను మూసి చూస్తాడు. ఆ తర్వాత ఆ మాట అననే అంటాడు. "ఇలాంటిదాన్ని నమ్మి నోటిదాకా తెచ్చుకుంటారా?"

ఇందులో తమాషా ఏమిటంటే, ఆయన ఇరవై ఏడేళ్ళు పనిచేసింది ఫాయిల్ ఫ్యాక్టరీలోనే. కింద దీపాలున్న గాజుబల్ల మీద ఫాయిల్ పరిచి, సూదిమొనంత కన్నాలున్నాయేమో వెతకడం ఉద్యోగం. కన్నం కనబడితే ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి పక్కన పడేసేవాడు. రిటైరయ్యాక బల్ల పోయింది గాని అలవాటు పోలేదు. ఒకసారి రైల్లో ఎదురు సీటాయన భోజనం పొట్లం విప్పుతుంటే, "ఒక్క నిమిషం ఇలా ఇస్తారా" అని ఫాయిల్ పుచ్చుకుని మూడు కన్నాలు పట్టాడు. ఆ పెద్దమనిషి తన స్టేషను రాకముందే దిగిపోయాడు. ఇంట్లో పిన్ని పాపం ఫాయిల్ చుట్టని దుప్పట్ల అడుగున దాచుకుని, ఆయన స్నానానికెళ్ళినప్పుడు వాడుకునేది.

ఇక మా నాన్న టైలరు. కింద కొట్టు, రెండో అంతస్తులో ఇల్లు, కొట్టు వెనక గదిలో హుక్కా. సరదాకి సాయంత్రం ఒకసారి అని మొదలుపెట్టి రోజుకి నాలుగుసార్ల దాకా లాక్కొచ్చాడు. మట్టి గిన్నెలో పొగాకు, దానిమీద ఫాయిల్, ఫాయిల్‌కి నాన్న కుట్టుసూదితో స్వయంగా పొడిచిన కన్నాలు, పైన ఎర్రగా కాలిన బొగ్గులు. ఆ వేడికి ఫాయిల్ ఏమవుతుందో అని బాబాయి బెంగ. నాన్న ఊపిరితిత్తులు ఏమవుతాయో అని మా బెంగ. ఇంటికి మెట్లెక్కుతూ నాన్న మూడుచోట్ల ఆగేవాడు. ఆగిన ప్రతిచోటా గోడకి వేసిన సున్నం ఎలా ఉందో చూస్తున్నట్టు నటించేవాడు.

డాక్టరు హుక్కా మానేయమన్నాడు. నాన్న ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేశాడు. అమ్మ చెప్పింది, ఆవిడతో నాలుగు రోజులు మాటల్లేవు. నేను చెప్పాను, నాతో వారం. ఇక మిగిలింది బాబాయి. ఆయన వెనక గదిలోకి వెళ్ళి, హుక్కా చుట్టూ ఒకసారి తిరిగి, "అన్నయ్యా, నీ హుక్కా జోలికి నేను రాను. ఆ ఫాయిల్ ఒక్కటీ తీసెయ్, చాలు" అన్నాడు.

నాన్న మొహం వెలిగిపోయింది. "చూశారా, ఈ వంశంలో బుర్ర ఉన్నవాడు వీడొక్కడే" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

వారం తిరక్కుండానే బాబాయి కుమ్మరితో ఏడు కన్నాల మట్టిమూత చేయించుకొచ్చాడు. వాడేముందు దాన్ని గంటసేపు నానబెట్టాలట, అరగంట ఆరబెట్టాలట. బొగ్గులు పూర్తిగా బూడిద పట్టేదాకా బయట ఉంచాలట. ఇవన్నీ ఎవరు చెప్పారంటే, ఎవరూ చెప్పలేదు.

"ఇంకెంతసేపురా?" అని నాన్న అడిగేవాడు.

"ఓ మూల ఇంకా నల్లగా ఉందన్నయ్యా."

"నాకేం కనబడ్డం లేదే."

"నీకూ కనబడితే ఫ్యాక్టరీ వాళ్ళు ఉద్యోగం నీకే ఇద్దురు."

ఈలోగా ఎవరో చొక్కా కొలతలకి వచ్చేవారు. నాన్న మెళ్ళో టేపు వేసుకుని లేచేవాడు. తిరిగొచ్చేసరికి బొగ్గులు చల్లారేవి. మళ్ళీ మొదటికొచ్చేది వ్యవహారం.

ఇలా రెండు నెలలు నడిచాక ఒకరోజు మట్టిమూత పగిలింది. దొరికిందే సందని నాన్న ఫాయిల్ చుట్ట బయటికి తీశాడు. బాబాయి వద్దనలేదు. "తాగుదువుగాని, ముందు ఒకసారి చూడనీ" అని ముక్కని వెలుతురుకి ఎత్తి, జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీసి సున్నా చుట్టాడు. రెండో ముక్కకీ చుట్టాడు, మూడోదానికీ చుట్టాడు. "కన్నాలు ఎలాగూ నేను పొడుస్తాను కదరా" అని నాన్న మొత్తుకున్నాడు. "నువ్వు పొడిచేవి వేరు, దానంతట అది పడేవి వేరు" అన్నాడు బాబాయి. చుట్ట మొత్తం అయిపోయింది. గదినిండా ఎర్ర సున్నాల ముక్కలే. నాన్న తిట్టుకుంటూ వాటి మధ్యే కూర్చుని రెండు చొక్కాలకి కాజాలు కుట్టేశాడు.

ఆపుకోలేక ఆ మర్నాడు బాబాయిని నిలదీశాను.

"ఫాయిల్ వల్ల ఎంత హానో డాక్టరే తేల్చి చెప్పలేకపోయాడు బాబాయ్. అసలు ప్రమాదం పొగతోనూ, ఆ బొగ్గుల గ్యాసుతోనూ అన్నాడు. నువ్వేమో మూతలు మార్చి నాన్నకి ధైర్యం ఇస్తున్నావు. ఫాయిల్ లేదు కదా అని ఇంకా హాయిగా తాగుతాడు."

బాబాయి కొత్త మూతని గుడ్డతో తుడుస్తూ, "ఈ వారం మీ నాన్న ఎన్నిసార్లు తాగాడు?" అన్నాడు.

ఆలోచించాను. "రెండుసార్లు."

"రోజుకా?"

"వారం మొత్తానికి."

ఆయన తుడవడం ఆపలేదు. "పొగ సంగతి నాకు తెలీదనుకున్నావా అమ్మాయ్? ఆ డాక్టరు దగ్గరికి మీకంటే ముందు వెళ్ళొచ్చినవాణ్ణి నేను. మానేయమన్న వాళ్ళందరితోనూ మీ నాన్న మాటలు మానేశాడు. నేనూ ఆ మాటే అంటే ఆ గదిలో ఒక్కడే కూర్చుని తాగుతాడు. ఇలా అయితే పక్కన కూర్చుని ఆలస్యమైనా చెయ్యొచ్చు. ఫాయిల్ అంటే నాకు పడదని ఊరందరికీ తెలుసు కాబట్టి అనుమానం కూడా రాదు."

ఇన్నాళ్ళూ ఈయన్ని వట్టి మాలోకం అనుకున్నందుకు సిగ్గేసింది. ఆయన మీద ప్రేమ కూడా ముంచుకొచ్చింది. అది ఎలా చెప్పాలో తెలియక టీ పెట్టిచ్చాను. తాగి, పలచగా ఉందని వంక పెట్టాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం నాన్న భోజనానికి పైకొచ్చాడు, ఎక్కడా ఆగకుండా. అమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం. అమ్మ ఉండబట్టలేక అడిగింది, "ఏమిటి విశేషం?"

"మానేసి ఇరవై రోజులైంది" అన్నాడు నాన్న, కంచం ముందుకి లాక్కుంటూ. "తమ్ముడికి మాత్రం చెప్పకండి."

"అదేమిటి నాన్నా? తెలిస్తే బాబాయి ఎంత సంతోషిస్తాడో."

"సంతోషించి ఇంటికెళ్ళి ఊరికే కూర్చుంటాడు. రిటైరయ్యాక వాడి మొహంలో కళ కనబడింది ఈ నాలుగు నెలల్లోనే. పొద్దున్నే తల దువ్వుకుని, డ్యూటీకి వచ్చినట్టు వస్తున్నాడు. అందుకే వాడు తెచ్చిన ప్రతి మూతకీ నేనే ఏదో వంక పెట్టి వెనక్కి పంపుతున్నా."

అంతలో కింద కొట్లోంచి బాబాయి కేక వినబడింది. "అన్నయ్యా, ఈసారి తొమ్మిది కన్నాలు పెట్టించాను."

నాన్న నోట్లో ముద్ద గబగబా మింగి మెట్ల దగ్గరికి నడిచాడు. "తొమ్మిదంటే ఎక్కువేమోరా" అన్నాడు కిందికి వంగి. "ఉండు, భోంచేసి వస్తున్నా. ఇద్దరం కూర్చుని తీరిగ్గా చూద్దాం."