తోట పోయాక అంజమ్మ

పక్క స్థలంలో లేస్తున్న గోడకు నీళ్ళు కొడుతున్నారు. తడి సిమెంటు వాసన కిటికీలోంచి వస్తోంది. ఈ వాసనకు నాకు ఎల్బీనగర్‌లో మేము అద్దెకున్న ఇల్లూ, ఆ ఇంటి యజమానురాలు అంజమ్మా గుర్తొస్తారు. ఎనభైల్లో మేము గుంటూరు వైపు నుంచి వచ్చేసరికి అక్కడి ద్రాక్షతోటలన్నీ ప్లాట్లవుతున్నాయి. అంజమ్మ తోటా అలాగే పోయింది. బదులుగా మొజాయిక్ గచ్చు వేసిన మేడ వచ్చింది. పై వాటాలో మేము, కింద ఆవిడా, కొడుకు యాదగిరీ, కోడలూ.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బడిలో టీచర్ని. బస్సులో నిలబడి ఇల్లు చేరేసరికి ఒంట్లో ఓపిక ఉండేది కాదు. గేటు తీయగానే వరండాలో కుర్చీలో ఆవిడ కనిపించేది. కూలి ఆడవాళ్ళతో కలిసి ఏళ్ళ తరబడి ద్రాక్షపందిళ్ళ కింద తిరిగిన మనిషి. ఇప్పుడు పనే లేదు, ఎంత అదృష్టం అనుకునేదాన్ని.

ఆ వేసవిలో ఆవిడకు గుండెపోటు వచ్చింది. దవాఖాన నుంచి తెచ్చాక, "అక్కా, అమ్మను గేటు దాటనియ్యకు. డాక్టర్ రెస్టు తీస్కొమ్మన్నడు," అని యాదగిరి నాకూ చెప్పాడు. తల్లంటే ప్రాణం అతనికి. ఉప్పు తగ్గించారు, మందులు వేళకు ఇచ్చారు. అయినా ఆవిడ వాడిపోతూనే వచ్చింది. అన్నం కెలికి వదిలేసేది.

"ఏమైందమ్మా?" అని ఒకనాడు పక్కన కూర్చుని అడిగాను.

"నాకేం తక్కువ బిడ్డా? కూసున్న కాడికే అన్నీ ఒస్తున్నయ్. మనుషులే ఒస్తలేరు."

చలికాలంలో యాదగిరి ఊళ్ళో లేనప్పుడు డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. రోజంతా ఏం చేస్తారని ఆయన అడిగాడు.

"ఏం చేస్త సారూ. పోయేదాక కూసుంట."

ఆయన రాయడం ఆపాడు. "బరువులు మోయొద్దన్నాను. విశ్రాంతి మొదట్లో కొన్నాళ్ళకే చెప్పాను. మందులు మానకండి, కానీ మెల్లగా నడవండి, నలుగురితో మాట్లాడండి. మనసు ఇలా కుంగితే గుండెకూ మంచిది కాదు."

ఆ మాట చెబితే యాదగిరి నా మీద మండిపడ్డాడు. "ఏమన్నయితే నువ్వు జవాబిస్తవా అక్కా?" అంజమ్మే లేచి నిలబడింది. "గిట్ల కూసోబెట్టి నన్ను ఎవలి కోసం దాస్తున్నవురా?"

మర్నాడు సాయంత్రం గేటు తీసుకుని బయటికి నడిచింది. తోటలో పనిచేసిన ఆడవాళ్ళు నాలుగిళ్ళ అవతల, కడుతున్న ఇంటికి ఇటుకలు మోస్తున్నారు. పని దిగాక వాళ్ళను వెంటేసుకుని వచ్చి మా గేటు ముందు అరుగు మీద కూర్చుంది. నేను బస్సు దిగి వస్తుంటే కేకేసింది. "టీచరమ్మా, సంచి ఆడ పెట్టు. పైకి పోతే మల్ల పొయ్యి ముందట్నే నిలవడ్తవ్. జర కూసో."

కూర్చున్నాను. వంట ఆలస్యమైందని ఇంట్లో సణుగుడు విన్నాను. మర్నాడూ కూర్చున్నాను. అన్ని నెలలూ ఆవిడను చూసి అసూయపడ్డ నాకు, నేను కూడా ఎవరితోనూ మాట్లాడకుండానే రోజులు గడిపేస్తున్నానని అక్కడ తెలిసింది.

కొన్నేళ్ళకు రెండో పోటులో అంజమ్మ పోయింది. కబుర్లు ఆవిడ గుండెను బాగుచేశాయని నేను చెప్పను. మందులు చివరిదాకా మింగింది. కానీ ఆ కొన్నేళ్ళూ ఆకలేసి తిన్నది, నవ్వింది, పోట్లాడింది. ఆవిడ పోయిన రోజు ఇటుకల దుమ్ముతోనే పరుగెత్తుకొచ్చిన ఆడవాళ్ళకు యాదగిరే గేటు తీసి పట్టుకుని నిలబడ్డాడు.

నిరుడు నా గుండెకూ స్టెంటు వేశారు. సాయంత్రమైతే చాలు, ఒళ్ళంతా నీరసం. పడుకోమంటుంది మా అమ్మాయి. మా అపార్ట్‌మెంటు మెట్లు దిగుతుంటే ఎందుకీ అవస్థ అని నాకూ అనిపిస్తుంది. అయినా దిగుతాను. కింద బెంచీ మీద ఎవరో ఒకరు కాస్త జరిగి చోటిస్తారు.