మావయ్యగారి మొదటి ఆదివారం రిహార్సల్

మా మావయ్యగారు రిహార్సల్ వెయ్యకుండా ఏ పనీ చెయ్యరు. కోతలు కోస్తున్నాననుకునేరు. మా పెళ్లి మాటలకు రావలసిన రోజుకు ముందురోజు ఆయన ఇంటిల్లిపాదినీ ఆటో ఎక్కించి మా గుమ్మం దాకా తీసుకొచ్చి, టైము చూసుకుని, దిగకుండానే వెనక్కి తీసుకెళ్లిపోయారు. మా నాన్న అది కిటికీలోంచి చూసి, సంబంధం తప్పిపోయిందని ఆ పూట అన్నం మానేశారు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. ముప్పై ఒక్క ఏళ్లు రంగుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా చేశారు. మెడలో విజిలు, చేతిలో స్టాప్‌వాచీ. నెలకోసారి ఉత్తుత్తి అగ్నిప్రమాదం ప్రకటించి, ఆరువందల మందిని ఎండలోకి తరిమి, ఎన్ని నిమిషాలు పట్టిందో బోర్డు మీద రాసేవారు. అన్నేళ్లలో అక్కడ ఒక్కసారి కూడా నిప్పు అంటుకోలేదు. అందుకు ఆయనకు గర్వమూ ఉంది, లోలోపల చిన్న వెలితీ ఉంది.

రిటైరయ్యాక ఆ విజిలు మా మీద పడింది. చుట్టాలొస్తే ఎవరు తలుపు తియ్యాలో, ఎవరు ముందు నవ్వాలో దానికో రిహార్సల్. గ్యాస్ బండ మార్చడానికో రిహార్సల్. అత్తయ్య వీటికి అలవాటుపడిపోయారు. "ఈయన పుట్టేటప్పుడు కూడా ఒకసారి వచ్చి, చూసుకుని, వెనక్కెళ్లే ఉంటారు," అనేవారు.

డెబ్బై నాలుగో ఏట డాక్టరు పరీక్షలు చేసి, గుండె బలం తగ్గింది, ఇక జాగ్రత్తగా ఉండాలన్నాడు. ఇంకొకరైతే దిగులుతో మంచమెక్కేవారు. మావయ్యగారు అందరినీ కూర్చోబెట్టి, ఇకనుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం పది గంటలకు తన ప్రాణం మీదికి వచ్చినట్టు రిహార్సల్ ఉంటుందని ప్రకటించారు. పక్క వీధిలో ఉండే మా వదిన, అంటే మా ఆయన అక్క, అవేం మాటలు నాన్నా అని ఏడ్చేసింది. మావయ్యగారు స్టాప్‌వాచీ నొక్కి, ఏడుపుకు రెండు నిమిషాలు కేటాయించారు.

మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. విజిలు మోగగానే అక్కాతమ్ముళ్లిద్దరూ ఆయన్ని చేతుల కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దించాలి. అత్తయ్య మందుల సంచీ, రిపోర్టుల ఫైలు పట్టుకోవాలి. నా వంతు ఒక కవరు. దాని మీద "డాక్టరు అడిగినప్పుడు మాత్రమే" అని రాసి, జిగురుతో అంటించేశారు. ఆస్పత్రిలో డాక్టరు మమ్మల్ని ఏ నిర్ణయమైనా అడిగితే నేను దాన్ని చింపి, అందరికీ వినపడేలా చదవాలి. నేను రైల్వే స్టేషన్లో అనౌన్సరును లెండి. రిహార్సల్‌లో కవరు చింపడానికి లేదు కాబట్టి, నోటికి వచ్చిందేదో ఒకటి చదవమన్నారు. నాకు నోటికి వచ్చింది ఒకటే. మెట్ల కింద నిలబడి, "ప్రయాణికులకు విజ్ఞప్తి," అని మొదలుపెట్టి మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదికి రైలు తెప్పించేదాన్ని. ఆయన కుర్చీలో కళ్లు మూసుకునే భేష్ అనేవారు.

మా మెట్ల పక్కనే ఒక టైలరు షాపు. మొదటి నెల, కుర్చీలో కదలకుండా దిగుతున్న మావయ్యగారిని చూసి టైలరు గబగబా షట్టరు దించేసి, మెడలో టేపుతోనే వచ్చి, చేతులు కట్టుకుని తల వంచి నిలబడ్డాడు. మావయ్యగారు ఒక కన్ను తెరిచారు.

"రిహార్సలేనయ్యా. షాపు తెరుచుకో."

రెండో నెల కూడా పాపం షట్టరు దించాడు. మూడో నెల సగం దించాడు. నాలుగో నెల నుంచి మిషను ఆపకుండా తల మాత్రం వంచేవాడు.

అసలు చిక్కు మెట్ల మలుపు దగ్గర వచ్చేది. అక్క కుడికి తిప్పమంటుంది, తమ్ముడు ఎడమకు తిప్పమంటాడు. వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణమే, కానీ ఫ్యాను మూడులో ఉండాలా నాలుగులో ఉండాలా అన్న దాని మీద కూడా ఒక పూట మాటలు మానేసే రకం. ఒకసారైతే తండ్రిని మెట్ల మధ్యలో దించేసి ఆరు నిమిషాలు వాదించుకున్నారు. ఆయన వాచీ చూసుకుంటూ కూర్చున్నారు. ఉత్తుత్తి దానికే ఇలా ఉంటే, నిజంగా ఆ రోజు వస్తే వీళ్లిద్దరూ జన్మలో మళ్లీ మాట్లాడుకుంటారా అనిపించింది నాకు.

నాకు ఇంకో బాధ కూడా ఉండేది. కన్నపిల్లలు ఇద్దరుండగా ఆ కవరు నాకెందుకు? ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "నీ గొంతు వణకదమ్మాయ్," అన్నారాయన, పేపరు తిరగేస్తూ. అంటే నాది రాతిగుండె అనేగా. రెండు రోజులు ముభావంగా తిరిగాను. ఆయన గమనించనే లేదు.

తొమ్మిదో నెలలో, రిహార్సల్‌కు ఐదు రోజుల ముందు, ఆయనకు జ్వరం వచ్చి ఊపిరాడటం కష్టమైంది. వదినకు ఫోన్ చేస్తే పరుగున వచ్చింది. మావయ్యగారు విజిలు నోట్లో పెట్టుకున్నారు గానీ ఊదే శక్తి లేదు. అత్తయ్య దాన్ని తీసుకుని తానే ఊదారు. అంతే, ఎవరి చోటికి వాళ్లు వెళ్లిపోయాం. మలుపు దగ్గర అక్కాతమ్ముళ్లు ఒక్క మాట లేకుండా కుర్చీ తిప్పేశారు. కింద టైలరు మిషను తొక్కుతూనే తల వంచి, ఈ నెల మంగళవారమే పెట్టేశారేంటండీ అన్నాడు.

ఆస్పత్రిలో, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. మాస్కు పెట్టారు. మధ్యాహ్నం, అత్తయ్య ఆయన దగ్గర ఉండగా, డాక్టరు మా ముగ్గురినీ వరండాలోకి పిలిచాడు. సాయంత్రానికి మాస్కు సరిపోకపోతే గొంతులో గొట్టం వేసి మిషను మీద పెట్టాలి, ఈ వయసులో తిరిగి తీయడం కష్టం కావచ్చు, మీరేమంటారని అడిగాడు.

మా ఆయన అన్నీ చెయ్యమన్నారు. వదిన, నాన్నని హింస పెట్టొద్దంది. నువ్వెప్పుడు దగ్గరున్నావని ఆయన, నీకేం తెలుసని ఆవిడ. గొంతులు లేచాయి. నేను కవరు చింపాను. కాగితం మీది అక్షరాలు కళ్లకు ఆనలేదు. గొంతు మాత్రం అలవాటు ప్రకారం ఖంగున పలికింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి."

వరండాలో ఒక ముసలాయన సంచీ సర్దుకున్నాడు. ఏడుస్తున్న వదినకు నవ్వాగలేదు, తమ్ముడి భుజం పట్టుకుంది. నేను నాలిక్కరుచుకుని, ఈసారి కాగితం చూసి చదివాను.

"మాస్కు పెట్టండి, మందులివ్వండి. గొంతులో గొట్టం వద్దు. డాక్టరుతో మాట్లాడి, మీ అమ్మకు చెప్పి, నేనే తేల్చుకున్నాను. మా అమ్మ విషయంలో మమ్మల్ని అడిగారు. అన్నయ్య గొట్టం వెయ్యమన్నాడు, నేను వద్దన్నాను. ఇద్దరం ప్రేమతోనే అన్నాం. ఆ తర్వాత పదకొండేళ్లు మాట్లాడుకోలేదు. ఇక మాట్లాడదామనుకునేసరికి అన్నయ్య లేడు. ఫ్యాక్టరీలో నేను నేర్చుకున్నది ఒకటే. నిప్పు కంటే తొక్కిసలాటకే ఎక్కువ భయపడాలి. అందుకే మీ ఇద్దరినీ ఎవరూ ఏమీ అడగకూడదు. కోడలిది రాతిగుండె అని కాదు ఈ పని అప్పగించింది. తనూ ఏడుస్తుంది, కాకపోతే చదివాక ఏడుస్తుంది. ఇప్పుడు ముగ్గురూ వెళ్లి ఒకే బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగండి. టైము చూసుకోనక్కర్లేదు."

ఆయన చెప్పినట్టే చదవడం అయ్యాక ఏడ్చాను. క్యాంటీన్లో ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. కాఫీ అస్సలు బాగాలేదు. ఆ సంగతిలో అక్కాతమ్ముళ్లిద్దరూ మొదటిసారి ఏకాభిప్రాయానికి వచ్చారు.

సాయంత్రానికి గొట్టం అవసరం రాలేదు. పదకొండో రోజున మావయ్యగారు తన కాళ్ల మీద తాను ఇంటికొచ్చారు. మెట్లెక్కకుండా ముందు టైలరు షాపు దగ్గర ఆగి, నిజంగా పోతుంటే సగం షట్టరు కూడా దించలేదేమయ్యా అని నిలదీశారు. మీరు నిజంగా పోతారని ఎవరనుకున్నారండీ అని టైలరు నీళ్లు నమిలాడు.

తర్వాతి నెల మొదటి ఆదివారం పదయింది. అందరం సిద్ధంగా ఉన్నాం. ఇంతలో అత్తయ్య వెళ్లి కుర్చీలో కూర్చున్నారు.

"ఎప్పుడూ మీరేనా? ఇవాళ నా వంతు. ఊదండి."

మావయ్యగారు విజిలు నోట్లో పెట్టుకున్నారు. బుగ్గలు నిండాయి గానీ చప్పుడు రాలేదు. మళ్లీ ప్రయత్నించారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, విజిలు పాడైనట్టుందన్నారు. టైము గడిచిపోయిందని టైలరు పైకి వచ్చి తలుపులోంచి తొంగి చూశాడు.

అత్తయ్య ఆయన చేతిలోంచి విజిలు తీసుకుని, బదులుగా కాగితం, కలం పెట్టారు. ఆయన బుద్ధిగా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"మెల్లగా చెప్పు, రాసుకుంటాను," అన్నారు.

"మొట్టమొదటిది రాసుకోండి," అన్నారు అత్తయ్య. "నా కుర్చీ మాత్రం వీళ్లిద్దరి చేతా మోయించొద్దు."