చీరల కంచె

పోయినేడు వేరుశనగ పూతకొచ్చే వేళ, గోనెగండ్ల దగ్గర మా చేల చుట్టూ చీరల కంచె లేచింది. గాలికి ఆడే గుడ్డను చూస్తే అడవి పందులు బెదురుతాయని, నాలుగిళ్లవాళ్లం పాత చీరలు పోగేసి గుంజలకు కట్టాం. నేను ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి పిల్లను. చీర ఎండకు వెలిసిపోతుంటే మొదట్లో ప్రాణం ఉసూరుమనేది. కానీ తెల్లవారుజాము మసకలో అవి ఊగుతుంటే, ఊరి ఆడవాళ్లంతా చేతులు పట్టుకుని నిద్రలో నిలబడ్డట్టుండేది. పని మరిచిపోయి చూస్తూ ఉండిపోయేదాన్ని.

ఆ కంచెకు ఒకటే కంత, వాన నీళ్లు పారే వంక వైపున్న ముసలాయన చేను. గట్టు తగాదాతో ఆయనకూ మా ఆయనకూ ఏళ్లుగా మాటల్లేవు. భార్య పోయాక ముసలాయనకు ముక్కు మీద కోపం మరీ పెరిగింది. పందులు ఆయన చేలోంచే మా చేలోకి దిగేవి. ముందటేడు పంట అలాగే పోయింది. ఈసారీ పోతే ఇల్లు తాళమేసి గుంటూరు మిరప కోతలకు పోవడమే.

ఆ రోజుల్లోనే టీవీలో ఒక వార్త. యూరప్ దేశాల కూటమి, పక్కనున్న టర్కీని తమ రక్షణ ఏర్పాట్లలో కలుపుకోవాలా వద్దా అని తర్జనభర్జన పడుతోంది. పాత తగువులున్నాయి, దాని సైన్యమూ కావాలి. మా ఆయన కన్నార్పకుండా చూశాడు.

"కలుపుకోకుంటే యాడికి పోతారు? వచ్చేటోళ్లకు దావ ఆడనే కదా ఉండేది" అన్నాడు.

"అయితే నువ్వు పొయ్యి ముసలాయన్ను అడుగు."

టీవీ కట్టేశాడు.

చివరికి నేనే పోయాను. "మామా, మీ పక్క కూడా కంచె కడదాం. మీ ఇంట్లో పాత సీరలుంటే ఇయ్యండి" అన్నాను. ఆయన మొహం నల్లబడింది.

"నా గట్టు తొక్కొద్దు, పో!"

ఒళ్లు మండింది. దారంతా తిట్టుకుంటూ వచ్చాను. దండెం మీది నా చీర తీస్తుంటే అప్పుడు తట్టింది. ఆ ఇంట్లో ఉండే చీరలన్నీ పోయినామెవే. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు "మీవి వద్దులే మామా, మావే కడతాం" అని మా చీరలే మోసుకుపోయాను. మా ఆయన గొణుగుతూనే వచ్చి ఆ గట్టున గుంజలు పాతాడు. ముసలాయన దూరంగా కూర్చుని చూసి చూసి, లేచొచ్చి నేను కడుతున్న చీర రెండో కొస పట్టుకున్నాడు. వంక దగ్గర ఒక్క చీర తక్కువైంది.

పొద్దున పోయేసరికి ఆ ఖాళీలో ఎర్రంచు పచ్చచీర. మడతలు ఇంకా పోలేదు, కలరా ఉండల వాసన. గబగబా ముడి విప్పబోయాను.

"ఇది ఇంట్లో పెట్టుకోండి మామా. నేను ఇంగోటి తెస్తా."

"ఉండనీమ్మా" అన్నాడు కొంగు సర్దుతూ. "ఈ సేన్లో కలుపు తీసింది ఆమే కదా. దినామూ వస్తాండా, సూసుకుంటా."

ఆ ఏడు మేం గుంటూరు పోలేదు. కాయ పీకాక ఎవరి చీరలు వాళ్లం విప్పుకున్నాం. పచ్చచీరను మాత్రం మా ఆయన విప్పాడు. దుమ్ము దులిపి, నాలుగు మడతలు పెట్టి, తనే గట్టు దాటాడు.

"మామా, సీర" అన్నాడు.

ఇన్నేళ్లకు ఆయనతో అదే మొదటి మాట.