ఉప్పునీళ్ల లెక్క

నా చిన్నప్పుడు మా మేనత్తను చూసుకొని నాకు భలే గీరగా ఉండేది. అవి తొంభైల నాటి రోజులు. నందిగామ మెయిన్ రోడ్డు మీద మందుల షాపుల్లో అందరూ మగవాళ్లే. ఫార్మసీ చదివి కౌంటర్ దగ్గర కూర్చున్న ఆడపిల్ల మా అత్త ఒక్కతే. వేసవి సెలవులకు జగ్గయ్యపేట నుంచి వెళ్లినప్పుడల్లా ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లకు వినబడేలా అవసరం లేకపోయినా "అత్తా" అని పిలుస్తుండేదాన్ని.

ఒక మధ్యాహ్నం వీరులపాడు నుంచి ఒక పెద్దాయన రెండేళ్ల మనవరాలి జ్వరానికి మందు కోసం వచ్చారు. డాక్టరు గారు పూటకు ఒక చెంచా అని రాశారు. ఆ సిరప్పు షాపులో అయిపోయింది. ఉన్నది అదే మందు, కాకపోతే రెండింతలు ఘాటుది. అత్త డాక్టరు గారికి ఫోన్ చేసి అడిగి, పూటకు అర చెంచా చాలని సీసా మీద రాసిచ్చింది.

పెద్దాయనకు అది మింగుడుపడలేదు. డాక్టరు తన ఎదురుగానే చెంచా అన్నారని ఆయన మాట. అత్త ఎంత చెప్పినా అంతే. చివరికి బస్సు టైమవుతోందని, "సరేలేమ్మా, అట్లాగే పోస్తాంలే," అంటూ సీసా సంచిలో వేసుకున్నారు. అత్త చెయ్యి చాచి సీసా ఇచ్చెయ్యమంది. ఇంటికెళ్లి నిండు చెంచా పోస్తారని ఆవిడకు ఆ గొంతులోనే తెలిసిపోయింది. షాపు ఓనరు లేచొచ్చి విసుక్కున్నాడు. అయినా అత్త వెనక్కి తగ్గలేదు. "పసిపిల్లండీ. ఆయనకు నమ్మకం కుదిరితేనే ఇస్తా," అంది.

పక్క టీకొట్టు నుంచి రెండు గ్లాసుల నీళ్లు, కాస్త ఉప్పు తెప్పించింది. ఒకదాంట్లో ఒక చెంచా, ఇంకోదాంట్లో రెండు చెంచాల ఉప్పు కలిపి, ఒక్కోదాంట్లోంచి చెంచాడు తాగి చూడమని పెద్దాయన్ని బతిమాలింది. మొదటిది ఆయన ఎలాగో మింగారు. రెండోది నోట్లో పడగానే మొహం చిట్లించి రోడ్డు మీదికెళ్లి ఉమ్మొచ్చారు.

"చెంచా అదే కదా తాతగారూ, లోపల ఉన్నదే రెట్టింపు. ఈ మందూ అంతే," అంది అత్త.

ఈలోగా బస్సు వెళ్లిపోయింది. ఆయన అటు చూడనైనా లేదు. సీసా మూతలో అర చెంచా, అంటే రెండున్నర మిల్లీలీటర్ల గీత ఎక్కడుందో తానే అడిగి, ఆ గీత మీద గోటితో గట్టిగా నొక్కి గుర్తు పెట్టుకున్నారు.

నాలుగు రోజులకు మనవరాల్ని చంకనెత్తుకొని వచ్చారు. ఓనరు కుర్చీ జరిపి కూర్చోమన్నా వినకుండా తిన్నగా అత్త దగ్గరికి వెళ్లి, పాప చేత నమస్కారం పెట్టించారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

ఇప్పుడు నేను జగ్గయ్యపేటలో లెక్కలు చెబుతున్నాను. పిల్లలు గబగబా తలలూపి అర్థమైందంటే వాళ్ల మొహాలు చూస్తాను. అనుమానం వస్తే బెల్లు కొట్టినా సరే, ఇంకో దారిలో మళ్లీ మొదలుపెడతాను. నా ఓపికను అందరూ మెచ్చుకుంటారు. అది మా అత్తదని చెప్పుకోవడంలోనే నాకు గర్వం.