ఎండిన అప్పడాల కర్ర

చైతన్యపురిలో మా హాస్టల్ వంటమ్మకు ఒక అలవాటుండేది. ఎవరు స్విచ్ మీద చెయ్యి వేయబోయినా "చేతులు ఆరినయా బిడ్డా?" అనేది. కోచింగ్‌లో ఫిజిక్స్ బట్టీపట్టే మాకు నవ్వొచ్చేది.

ఒక వానాకాలం పొద్దున నా రూమ్మేట్ తడిచేత్తో వాషింగ్ మెషిన్ ముట్టుకుని కరెంటుకు అతుక్కుపోయింది. మెయిన్ స్విచ్ కింది అంతస్తులో ఉంది. నేను బకెట్లో నానుతున్న మాపు కర్ర అందుకున్నాను. వంటమ్మ దాన్ని లాగి పారేసింది.

"గా కర్ర నానింది, నిన్ను గూడ గుంజుతది!"

పొయ్యి పక్కన ఎండిన అప్పడాల కర్ర తెచ్చి, ఆ చేతిమీద ఒక్క దెబ్బ వేసి విడిపించింది. రూమ్మేట్ బతికింది.

ఇప్పుడు నేను చైతన్యపురి పక్కనే కొత్తపేటలో ఫిజిక్స్ టీచర్ని. మాది గుంటూరైనా, కరెంటు పాఠానికి ముందు వంటమ్మ యాసలోనే అడుగుతాను: "చేతులు ఆరినయా బిడ్డా?"

పిల్లలు నవ్వుతారు. నవ్వుతూనే చేతులు తుడుచుకుంటారు.